గుత్తి నీలి సాలీడు – పెంపకం పాఠం



సాలీడు అనగానే మనకు ముందు గుర్తుకు వచ్చేది చీపురు. బోనాలు వచ్చినా, సంక్రాంతి వచ్చినా, హాస్టల్ వార్షికోత్సవం వచ్చినా మొదట దులిపేది బూజునే. ఆ బూజుతో పాటు సాలీడు కూడా పోతుంది. పోయినందుకు ఎవరూ బాధపడరు.

కాని మన తెలుగు నేల మీద పుట్టి, మన ఊరి పేరు పెట్టుకొని, ప్రపంచమంతా పేరు పొందిన సాలీడు ఒకటి ఉన్నది. ఐరోపా దేశాల్లో, అమెరికాలో దాన్ని ఇళ్ళల్లో గాజు పెట్టెల్లో పెంచుతున్నారు. దానిచేత గుడ్లు పెట్టించి, పిల్లలను సాకి పెద్ద చేయడం ఒక విద్యగా నేర్చుకొన్నారు. అదే గుత్తి నీలి సాలీడు. మనలో చాలామంది దాని పేరు కూడా విని ఉండరు.

ఆ పెంపకం విద్య ఏమిటి, అందులో మనం నేర్చుకోవలసింది ఏమిటి, ఎక్కడ ఆగిపోవాలి అనేవి ఈ పాఠంలో మనవి చేస్తున్నాము. ముందే ఒక మాట. ఇది చదివి ఎవరూ అడవికి పోయి సాలీడును పట్టి తేవద్దు. ఎందుకు వద్దంటున్నామో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది.

1. పేరు ఎలా వచ్చింది?

మొదట టరాంటులా అనే మాట సంగతి. ఇటలీ దేశంలో టరాంటో అనే పట్టణం ఉన్నది. ఆ ప్రాంతంలో ఒక సాలీడు కరిస్తే మనిషి అలసిపోయేదాకా నాట్యం చేయాలి, అప్పుడే విషం దిగుతుందని పూర్వం నమ్మేవారు. ఆ ఊరి పేరుమీద ఆ సాలీడుకు టరాంటులా అని పేరు వచ్చింది. తరువాతి కాలంలో ఆ పేరు ఒంటినిండా వెంట్రుకలున్న పెద్ద సాలీళ్ళ కుటుంబానికి స్థిరపడింది. ఈ కుటుంబంలో ప్రపంచమంతటా వెయ్యికి పైగా జాతులున్నాయి.

అందులో పొయిసిలోథీరియా అనే ప్రజాతి భారత, శ్రీలంక దేశాల్లో తప్ప మరెక్కడా లేదు. ఇవన్నీ చెట్ల తొర్రల్లో బతికేవి. రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త 1899లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి పత్రికలో ఈ ప్రజాతి మీద వ్యాసం రాస్తూ, నీలిరంగులో లోహంలా మెరిసే ఒక కొత్త జాతిని వర్ణించాడు. దానికి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ నమూనా దొరికిన చోటు అనంతపురం జిల్లా గుత్తి.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. అది దొరికింది గుత్తి రైల్వే కట్టెల యార్డులో. కట్టెలు వేరేచోటి నుంచి రైల్లో వస్తాయి. ఆ కట్టె తొర్రలో ఉన్న సాలీడు కూడా వాటితోపాటే దిగింది. అందువల్ల గుత్తి దాని సొంత ఊరు కాదు, అది రైలు దిగిన స్టేషను మాత్రమే. అసలు ఊరు ఏదో వంద సంవత్సరాల దాకా శాస్త్రలోకానికి తెలియలేదు. చివరికి 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య ఉన్న అడవిలో దాన్ని మళ్ళీ చూశారు. గుత్తికి అది సుమారు 100 కిలోమీటర్ల దూరం.

2. ఎలా ఉంటుంది?

పెద్ద ఆడ సాలీడు కాళ్ళు చాపితే 15 నుంచి 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అంటే మనం అన్నం తినే పళ్ళెంలో సగానికి పైగా ఆక్రమిస్తుంది. ఒళ్ళంతా నీలం, దాని మీద తెల్లని గీతల అల్లిక, కాళ్ళ కీళ్ళ దగ్గర పసుపు మచ్చలు. పిల్లప్పుడు ఇంత నీలం ఉండదు. పెరిగే కొద్దీ రంగు తేరుతుంది.

ఈ నీలం రంగు పొడి వల్ల వచ్చింది కాదు. వెంట్రుకల లోపల కంటికి కనిపించనంత సన్నని పొరలు, నిర్మాణాలు ఉంటాయి. వాటి మీద పడిన వెలుగులో నీలి కిరణాలు మాత్రమే బలంగా వెనక్కి వస్తాయి. నెమలి ఈకలో రంగు పుట్టేది కూడా ఇలాగే. టరాంటులాల నీలం మీద 2015లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, ఈ కుటుంబంలో నీలిరంగు విడివిడిగా కనీసం 8 సార్లు పుట్టింది. అయినా అన్నింటిలోనూ దాదాపు 450 నానోమీటర్ల దగ్గరి నీలమే. పదో తరగతిలో వెలుగు పాఠం చదివే తమ్ముళ్ళు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

ఇది పగలంతా తొర్రలో దాక్కొని రాత్రి బయటికి వస్తుంది. రెక్కల పురుగులను, ఇతర కీటకాలను పట్టి తింటుంది. వెలుతురు పడితే తప్పించుకొని పారిపోయే స్వభావం. అమెరికా ఖండాల టరాంటులాల్లో చాలావాటికి పొట్ట మీద దురద వెంట్రుకలుంటాయి. శత్రువు వస్తే వాటిని రాల్చుతాయి. మన దానికి ఆ ఆయుధం లేదు. దానికి ఉన్నవి పరుగు, కాటు. కాటువల్ల మనుషులు చనిపోయినట్లు నమోదు కాలేదు గాని, తీవ్రమైన నొప్పి, కండరాలు పట్టేయడం వంటివి రోజుల తరబడి ఉండవచ్చు. కనుక ఇది చేతిలో పెట్టుకొని ఫొటో దిగే ప్రాణి కాదు.

3. కుబుసం, ఆడా మగా తేడా

పెంపకం నేర్చుకొనేవారు మొట్టమొదట తెలుసుకోవలసింది కుబుసం గురించి. సాలీడుకు లోపల ఎముకలు లేవు. పైనున్న గట్టి తొడుగే దాని అస్థిపంజరం. ఆ తొడుగు సాగదు. అందుకని పెరిగినప్పుడల్లా పాత తొడుగు విడిచి కొత్తది వేసుకోవాలి. కుబుసం విడిచే ముందు కొన్నాళ్ళు తిండి మానేస్తుంది. ఆ సమయంలో అది జబ్బుపడిందనుకొని కదిలించకూడదు. పురుగును వేసి వదిలేయకూడదు. మెత్తగా ఉన్న సాలీడును ఆ పురుగే కొరికి చంపగలదు.

విడిచిన కుబుసం పారేసే వస్తువు కాదు. దాన్ని నీటిలో నానబెట్టి జాగ్రత్తగా విప్పి, పొట్ట భాగం లోపలివైపు భూతద్దంతో చూస్తారు. ఆడదానికి అక్కడ వీర్యం దాచుకొనే తిత్తి కనిపిస్తుంది. మగదానికి ఉండదు. ప్రాణిని ముట్టుకోకుండానే ఆడో మగో తెలుసుకొనే పద్ధతి ఇది.

మగ సాలీడు చివరి కుబుసం విడిచిన తరువాత దాని ముందరి రెండు చిన్న కాళ్ళ కొసలు ఉబ్బి, బాక్సింగ్ తొడుగుల్లా కనిపిస్తాయి. ఇక అది పెద్దదైనట్లు లెక్క. మిగతా టరాంటులాల్లో చాలా జాతుల మగవాటికి ముందు కాళ్ళ మీద కొక్కేలుంటాయి. ఈ ప్రజాతిలో అవి ఉండవు. ఆయుష్షులో కూడా తేడా చాలా ఉన్నది. ఆడది 11, 12 సంవత్సరాలు బతకగలదు. మగది మొత్తం మీద 3, 4 సంవత్సరాలే. కనుక పెంపకంలో మగదాని సమయమే విలువైనది. అది సిద్ధంగా ఉన్నప్పుడు ఆడది సిద్ధంగా లేకపోతే ఆ ఏడాది పోయినట్లే.

4. జత కట్టించే విధానం

విదేశాల్లో అనుభవమున్న పెంపకందార్లు పాటించే వరుస ఇది.

మొదటిది, ఇల్లు. తొర్రను పోలిన నిలువు పెట్టె, అందులో నిలబెట్టిన బెరడు, గాలి ఆడే రంధ్రాలు, నీళ్ళ గిన్నె, చీకటి ఉండాలి. వేడి 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే చాలు.

రెండవది, ఆడదాని కుబుసం తేదీ. ఈ పాఠం మొత్తానికి ఇదే కీలకం. జత కట్టినప్పుడు ఆడది వీర్యాన్ని తిత్తిలో దాచుకొంటుంది. గుడ్లు పెట్టేటప్పుడు మాత్రమే దాన్ని వాడుతుంది. ఈ రెండింటికీ మధ్యలో కుబుసం విడిచిందంటే తిత్తి లోపలి పొర కూడా ఊడిపోతుంది, దాచుకొన్నదంతా దానితోపాటే పోతుంది. అందుకే ఆడది కుబుసం విడిచి, తిరిగి గట్టిపడి, బాగా తిన్న తరువాతనే జతకు పెడతారు. తేదీ రాసుకోనివారికి ఈ సంగతి తెలిసే దారి లేదు.

మూడవది, మగదాని తయారీ. మగది ముందుగా ఒక చిన్న గూడు అల్లి, దాని మీద వీర్యపు చుక్క వదిలి, ఆ ఉబ్బిన చిన్న కాళ్ళ కొసలతో దాన్ని పీల్చుకొంటుంది. కలం లోపలికి సిరా ఎక్కించుకొన్నట్లు. ఇది జరిగాకనే దాన్ని ఆడదాని పెట్టెలోకి వదలాలి.

నాలుగవది, పరిచయం. మగది కాళ్ళతో నేలను, బెరడును తట్టుతుంది. ఒళ్ళు వణికిస్తుంది. ఆడది ఇష్టపడితే తిరిగి తట్టుతుంది. సాలీళ్ళకు చూపు తక్కువ, కదలికను పసిగట్టే శక్తి ఎక్కువ. ఈ తట్టుడే వాటి భాష. అది లేకపోతే మగదాన్ని తిండి పురుగు అనుకొనే ప్రమాదం ఉన్నది. చాలా టరాంటులాలతో పోలిస్తే ఈ ప్రజాతి కొంత సాధువు. మగదాన్ని కొన్ని రోజులు ఆడదానితోనే ఉంచేవారు కూడా ఉన్నారు. అయినా ఆడదాని కడుపు నిండి ఉండటమే మగదానికి అసలు రక్షణ.

5. గుడ్ల సంచి నుంచి పిల్లల దాకా

జత కట్టిన తరువాత కొన్ని వారాలకో, కొన్ని నెలలకో ఆడది తొర్ర ముఖాన్ని దారంతో మూసేస్తుంది. లోపల దారంతోనే ఒక పరుపు వేసి, దాని మీద గుడ్లు పెట్టి, మూట కట్టుతుంది. ఒక సంచిలో సుమారు 50 నుంచి 150 దాకా గుడ్లుంటాయి. ఆ సంచిని అది వదలదు. తిరగేస్తూ, కాపలా కాస్తూ ఉంటుంది. కోడి పొదిగేటప్పుడు గుడ్లను తిరగేయడం పల్లెల నుంచి వచ్చిన మనకు తెలిసిందే. పని ఒకటే, ప్రాణి వేరు.

ఈ దశలో కొత్తవారికి ఓపిక ఉండదు. పెట్టె కదిపి చూస్తారు. చప్పుడు చేస్తారు. భయపడిన తల్లి తన సంచిని తానే తినేస్తుంది. అందుకే ఈ కాలంలో పెట్టె దగ్గరికి వెళ్ళకపోవడమే పని.

సుమారు నెల రోజులకు గుడ్లకు కాళ్ళు మొలిచినట్లు కనిపిస్తాయి. అవి ఇంకా తినలేవు, నడవలేవు. గుడ్డులోని పచ్చసొనతోనే బతుకుతాయి. తరువాత రెండు కుబుసాలు విడిస్తే పూర్తి సాలీడు పిల్లలవుతాయి. మొత్తం రెండు నెలలు అటూ ఇటూగా పడుతుంది. అప్పుడు వాటికి పండ్ల ఈగలు, అప్పుడే పుట్టిన కీచురాళ్ళు తిండిగా వేస్తారు.

ఈ ప్రజాతిలో ఇంకొక విశేషం. చాలా సాలీళ్ళు కలిసి ఉంటే ఒకదాన్నొకటి తింటాయి. ఇవి మాత్రం చెట్టుకు తొర్రలు తక్కువైనప్పుడు ఒకే తొర్రలో తల్లీ పిల్లలూ కలిసి సర్దుకొని ఉంటాయి. ఒక గదిలో పదిమందిమి సర్దుకొని చదువుకొనే మనకు ఈ సంగతి వింతగా తోచదు.

6. లెక్క పుస్తకం

మనం ఉండే ఈ గౌలిపుర పేరులోనే పెంపకం ఉన్నది. గౌలీలంటే పశువులను సాకి పాలు పోసేవారు. దీపావళి వెళ్ళగానే నగరంలో జరిగే సదర్ ఉత్సవంలో దున్నపోతులను ఎంత ముద్దుగా అలంకరించి తెస్తారో మనం చూస్తూనే ఉన్నాము. పశువుల కాపరిని అడిగి చూడండి. ఏ బర్రె ఎప్పుడు ఈనింది, ఏ దున్నపోతుకు పుట్టింది, ఎన్నో ఈత, ఎన్ని రోజులు పాలిచ్చింది అన్నీ వేళ్ళ మీద చెబుతాడు. ఒకే దున్నపోతు సంతానాన్ని మళ్ళీ దానితోనే కట్టించకూడదని అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు.

సాలీడు పెంపకం కూడా ఇంతే. ప్రతి ప్రాణికి ఒక పేజీ. పుట్టిన తేదీ, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఏ అడవి సంతతి, కుబుసం తేదీలు, ఎప్పుడు తిన్నది, ఎప్పుడు మానింది, ఎప్పుడు జత కట్టింది, ఎన్ని గుడ్లు, ఎన్ని పిల్లలు బతికాయి. ఒక సంచిలో పుట్టిన అన్నాచెల్లెళ్ళనే మళ్ళీ మళ్ళీ కలిపితే తరం తరానికీ సంతతిలో వైవిధ్యం తగ్గిపోతుంది. దగ్గరి జాతులను కలిపి సంకరం చేస్తే, ఆ పిల్లలు ఏ అడవివీ కాకుండా పోతాయి.

పండ్ల ఈగల మీద ఇలాంటి లెక్కలు రాసే థామస్ హంట్ మోర్గాన్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని నిరూపించాడు. 1933లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన ప్రయోగశాలలో పెంచింది అరటిపండు మీద వాలే ఈగలనే.

7. పెంచితే అడవి బతుకుతుందా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. విదేశాల్లో గుత్తి సాలీళ్ళు ఇన్ని పుడుతున్నాయి కదా, ఇక ఈ జాతికి భయమేమున్నది?

ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం, అనగా ఐ.యు.సి.ఎన్., 2008లో ఈ సాలీడును తీవ్రంగా అంతరించే ప్రమాదమున్న జీవిగా ప్రకటించింది. అప్పటి అంచనా ప్రకారం అది బతికే అడవి 100 చదరపు కిలోమీటర్ల కన్నా తక్కువ. అంటే పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు. అందులోనూ కట్టెల కోసం, కలప కోసం చెట్లు నరకడం వల్ల అడవి పలచబడుతున్నది. తొర్ర పడాలంటే చెట్టు ముసలిది కావాలి. కొత్తగా నాటిన మొక్కకు తొర్ర రావడానికి మన జీవితకాలం చాలకపోవచ్చు. అలాంటి చెట్టునే ఎండిందని, వంకరదని ముందు నరుకుతారు.

ఐరోపాలోని పెట్టెలో పుట్టిన సాలీడు ఈ నష్టాన్ని పూడ్చలేదు. దాని తాత ముత్తాతలెవరో చాలాసార్లు లెక్క ఉండదు. ఇతర దేశాల పురుగులతో కలిసి పెరిగింది కనుక ఏ రోగం మోసుకు వస్తుందో తెలియదు. అన్నింటికీ మించి, తెచ్చి వదలడానికి తొర్ర లేకపోతే ఎక్కడ వదలాలి?

పెంపకం అడవికి ఉపయోగపడాలంటే ఎలా ఉండాలో మనకు దగ్గరలోనే ఉదాహరణ ఉన్నది. మన హాస్టల్ పిల్లలు ఆదివారం వెళ్ళే బహదూర్‌పురా నెహ్రూ జూపార్కులో 2010 నుంచి మూషిక జింకలను పెంచారు. అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి. వారి లాకోన్స్ ప్రయోగశాల, అటవీశాఖ, జూ అధికారులు కలిసి చేసిన పని అది. ప్రతి జంతువుకూ లెక్క, జన్యు పరీక్ష, తరువాత అడవిని పోలిన ఆవరణలో అలవాటు చేయడం. 2017లో వాటిలో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ అభయారణ్యంలో వదిలారు. అక్కడ అడవి మిగిలి ఉన్నది కనుకనే వదలగలిగారు. పెట్టెలో పెంపకం, అడవి కాపుదల రెండూ కలిస్తేనే ఒక జాతి నిలుస్తుంది. రెండవది లేని మొదటిది వట్టి సరదా.

8. చట్టం ఏమంటుంది?

2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశంలో పొయిసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని రెండవ అనుబంధంలో చేర్చారు. శ్రీలంక, అమెరికా దేశాలు ఈ ప్రతిపాదన తెచ్చాయి. అప్పటి నుంచి ఈ సాలీళ్ళను అనుమతి పత్రాలు లేకుండా దేశాల మధ్య అమ్మడం, పంపడం నేరం.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉన్నది. సైటిస్ పట్టికలోని జీవులను ఈ సవరణ మన చట్టం పరిధిలోకి తెచ్చింది. అలాంటి ప్రాణి ఎవరి దగ్గరైనా ఉంటే ప్రభుత్వానికి తెలిపి నమోదు చేసుకోవాలి.  నమోదు కోసం 2024లో నిబంధనలు వచ్చాయి, పరివేశ్ అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాలి.

పాతబస్తీలో ఉండే మనకు ఇది కొత్త సంగతి కాదు. రామచిలుకను పంజరంలో పెట్టడం నేరమని ఇదే చట్టం చెబుతున్నది. అయినా ఎంతోమంది ఇళ్ళల్లో పంజరాలున్నాయి. చట్టం తెలియకపోవడం ఒక కారణం, ప్రేమకొద్దీ పెంచుతున్నాం కదా అనుకోవడం మరొక కారణం. సాలీడు విషయంలో అయినా మనం ముందే తెలుసుకొందాం.

9. ఎవరైనా డబ్బు ఆశ చూపితే

ఈ మాట తమ్ముళ్ళందరూ శ్రద్ధగా చదవాలి. ఒకప్పుడు ఈ నీలి సాలీడు అమెరికాలో 500 డాలర్లకు పైగా పలికింది. అలాంటి ధర విన్నప్పుడు మన ఇళ్ళ పరిస్థితి గుర్తుకు రావడం సహజం. మనలో నల్లమల అంచున ఉన్న ఊళ్ళవారున్నారు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు తొర్రలో సాలీళ్ళను పట్టి తెస్తే ఇంత ఇస్తామని ఎవరైనా అడగవచ్చు.

అప్పుడు రెండు విషయాలు గుర్తు చేసుకోండి. ఒకటి, అడవి దగ్గర పట్టుబడేది చెట్టెక్కిన కుర్రవాడు. నగరంలో కూర్చొని బేరం చేసినవాడు కాదు. ఒక్క కేసుతో చదువు, రాబోయే ఉద్యోగం రెండూ పోతాయి. రెండు, గుడ్లతో ఉన్న ఆడదాన్ని తొర్ర నుంచి లాగితే పోయేది ఒక్క సాలీడు కాదు, నూరు పిల్లలు. తొర్రను గొడ్డలితో వెడల్పు చేస్తే ఇక ఆ చెట్టులో మరే సాలీడూ ఉండలేదు.

అడవి ఊళ్ళ మనుషుల జ్ఞానానికి వేరే విలువ ఉన్నది. కడప జిల్లాలో కలివికోడి అనే పక్షి 1900 తరువాత కనబడకపోతే అంతరించిందనుకొన్నారు. 1986లో అది మళ్ళీ బయటపడింది. పరిశోధకులకు దాన్ని పట్టి చూపించినవాడు ఐతన్న అనే స్థానికుడు. ఆ తరువాత అక్కడ లంకమల అభయారణ్యం ఏర్పడింది. తొర్ర ఎక్కడున్నదో తెలిసిన కుర్రవాడు దాన్ని వ్యాపారికి చెప్పవచ్చు, శాస్త్రవేత్తకు చెప్పవచ్చు. ఆ తెలివి మనదే, ఎవరికి ఇవ్వాలన్నదీ మన చేతిలోనే ఉన్నది.

10. మన హాస్టల్లో మొదలు పెట్టగల పాఠం

మరి ఈ విద్య మనకు ఎలా వస్తుంది? పైసా ఖర్చు లేకుండా, చట్టం మీరకుండా నేర్చుకొనే దారి ఉన్నది.

బాత్రూము గోడ మీద చదునుగా, పెద్దగా ఉండి బొద్దింకలను పట్టే సాలీడును అందరూ చూసే ఉంటారు. అది గూడు అల్లదు. ఆడది బిళ్ళలాంటి గుడ్ల సంచిని పొట్ట కింద పట్టుకొని తిరుగుతుంది. మూలల్లో దారాల్లాంటి సన్నని కాళ్ళతో వేలాడే సాలీడు గుడ్ల మూటను నోటితో పట్టుకొని ఉంటుంది. తాకితే ఒళ్ళంతా ఊపుతుంది. మైదానం గడ్డిలో ఉండే తోడేలు సాలీడు సంచిని వెనక తగిలించుకొని నడుస్తుంది. పిల్లలు బయటికి రాగానే వీపు మీద ఎక్కించుకొంటుంది.

వీటిలో ఒకదాన్ని ఎంచుకోండి. పట్టవద్దు, ముట్టవద్దు. పాత నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి: ఏ గోడ, ఏ మూల, సంచి ఎప్పుడు కనిపించింది, పిల్లలు ఎన్ని రోజులకు వచ్చాయి, కుబుసం ఎక్కడ దొరికింది. బూజు దులిపే రోజున ఆ ఒక్క మూలను వదిలేయమని వార్డెన్ గారిని అడగండి. రాలిన కుబుసాన్ని బడిలోని భూతద్దం కింద చూడండి.

ఈగల పెంపకం నేర్చుకోవాలంటే మెనూలో ఇచ్చే అరటిపండు చాలు. బాగా మాగిన ముక్కను ఒక గాజు సీసాలో వేసి రెండు రోజులు తెరిచి ఉంచండి. చిన్న ఈగలు వాలగానే పలుచని గుడ్డ కట్టండి. గుడ్డు, పురుగు, కోశం, ఈగ అన్ని దశలూ సుమారు 10 రోజుల్లో కంటి ముందే జరుగుతాయి. ప్రపంచంలో ఏ సాలీడు పెంపకందారుడైనా పిల్లలకు తిండి పెట్టడం ఇక్కడి నుంచే మొదలు పెడతాడు.

మూడు నెలలు ఇలా రాసిన పుస్తకం ఉన్న పిల్లవాడు రేపు డిగ్రీలో జంతుశాస్త్రం తీసుకొంటే, వాడు పాఠాన్ని రెండవసారి చదువుతున్నట్లే. అటవీశాఖలో, ప్రయోగశాలల్లో, జూలలో పనిచేస్తున్న అన్నలెవరైనా ఈ సంచిక చదివితే, ఒక ఆదివారం వచ్చి మా నోటుపుస్తకాలు చూడవలసిందిగా కోరుతున్నాము.

నేర్చుకొన్నది సరిచూసుకొందాం

1. గుత్తిలో దొరికిన సాలీడుకు గుత్తి సొంత ఊరు కాదని ఎలా చెప్పగలము?
2. జత కట్టిన తరువాత, గుడ్లు పెట్టకముందే ఆడది కుబుసం విడిస్తే ఏమవుతుంది?
3. గుడ్ల సంచి ఉన్నప్పుడు పెట్టెను ఎందుకు కదపకూడదు?
4. మూషిక జింకల పెంపకానికి, ఇళ్ళల్లో సాలీళ్ళ పెంపకానికి ముఖ్యమైన తేడా ఏమిటి?
5. మీ గదిలో ఇప్పుడు ఎన్ని రకాల సాలీళ్ళున్నాయి? వెళ్ళి లెక్కపెట్టి రాయండి.

అయిదవ ప్రశ్నకు జవాబు ఈ పుస్తకంలో లేదు.

– గౌలిపుర హాస్టల్ సైన్సు విద్యార్థులం